రౌటర్ బ్యాకప్ డైరీ: చార్జ్ అయిపోకముందే ఆగిపోతున్న బ్యాటరీ

కట్టినది ఇదీ. పాత లాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన 18650 లిథియం సెల్స్ మూడింటిని పక్కపక్కన పారలల్‌గా (పాజిటివ్‌లన్నీ ఒకచోట, నెగెటివ్‌లన్నీ ఒకచోట) కలిపాను. వాటికి, సెల్స్ మరీ నిండినా, మరీ ఖాళీ అయినా, కరెంట్ మరీ ఎక్కువైనా ఆపేసే ఒక రక్షణ సర్క్యూట్, చార్జింగ్‌కి టీపీ4056 బోర్డు, సెల్ వోల్టేజీని పెంచే బూస్ట్ మాడ్యూల్. ఇంట్లో కరెంటు ఉంటే రౌటర్ దాని సొంత అడాప్టర్ మీద నడుస్తుంది, పోతే బూస్ట్ అందుకుంటుంది. రెండింటినీ రెండు షాట్‌కీ డయోడ్లతో (కరెంట్‌ని ఒకే దిశలో పోనిచ్చేవి) కలిపి, బూస్ట్‌ను 11.5 వోల్టులకు తగ్గించి పెట్టాను. అడాప్టర్ 12 ఇస్తున్నంతసేపు సెల్స్ మీద బరువు పడదు.

ఇంతవరకు ఎవరైనా కట్టగలరు. ఈ డైరీ మొత్తం ఆ రక్షణ సర్క్యూట్ గురించే. సెల్స్‌లో మూడో వంతుకు పైగా చార్జ్ మిగిలుండగానే అది బ్యాటరీని ఆపేస్తోంది. ఎందుకో పట్టుకోవడానికే ఎక్కువ సమయం పోయింది.

దశ 1: సామాన్లు, సర్క్యూట్

సెల్స్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో, మిగతావి కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను.

1. పాత లాప్‌టాప్ బ్యాటరీ: రూ. 300
2. రెడీమేడ్ రక్షణ బోర్డు (ఒక డీడబ్ల్యూ01ఎ, ఒక 8205ఎ): రూ. 25
3. టీపీ4056 బోర్డు: రూ. 30
4. బూస్ట్ మాడ్యూల్: రూ. 150
5. షాట్‌కీ డయోడ్లు రెండు: రూ. 20
6. ప్లాస్టిక్ డబ్బా: రూ. 80

ఇప్పటివరకు ఖర్చు: రూ. 605

బోర్డు మీద పని ఇలా జరుగుతుంది. డీడబ్ల్యూ01ఎ అనే ఆరు కాళ్ల చిప్ సెల్ వోల్టేజీని చూస్తూ ఉంటుంది. ఎనిమిది కాళ్ల 8205ఎలో ఎన్-చానెల్ మాస్‌ఫెట్‌లు రెండు ఉంటాయి. మాస్‌ఫెట్ అంటే ఒక స్విచ్: గేట్ అనే కాలికి వోల్టేజీ ఇస్తే సోర్స్, డ్రెయిన్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య దారి తెరుచుకుంటుంది. ఈ రెండూ సెల్ నెగెటివ్‌కీ బయటి (చార్జర్, లోడ్ వైపు) నెగెటివ్‌కీ మధ్య సిరీస్‌లో, డ్రెయిన్‌లు కలిసి, ఎదురెదురుగా ఉంటాయి. సెల్ వైపు మాస్‌ఫెట్ డిశ్చార్జ్‌ని ఆపడానికి, బయటి వైపుది చార్జింగ్‌ని ఆపడానికి.

ఒక్కటి సరిపోదా అంటే సరిపోదు. ప్రతి మాస్‌ఫెట్ లోపల సోర్స్ నుంచి డ్రెయిన్ వైపు ఒక డయోడ్ పుట్టుకతోనే ఉంటుంది. గేట్ ఆపినా ఆ ఒక్క దిశలో కరెంట్ పారుతూనే ఉంటుంది. అంటే ఒక మాస్‌ఫెట్ ఒక దిశనే ఆపగలదు. రెండూ ఎదురెదురుగా ఉంటేనే రెండు దిశలూ మన చేతిలో ఉంటాయి. పైగా ఆ డయోడ్ మనకు పనికొస్తుంది కూడా. సెల్ నిండిపోయి చార్జింగ్ మాస్‌ఫెట్ ఆగినా, దాని డయోడ్ గుండా లోడ్‌కి కరెంట్ పోతుంది. సెల్ ఖాళీ అయి డిశ్చార్జ్ మాస్‌ఫెట్ ఆగినా, దాని డయోడ్ గుండా చార్జింగ్ మొదలవుతుంది.

ఇవి నెగెటివ్ తీగలో ఎందుకు ఉన్నాయంటే, ఎన్-చానెల్ గేట్‌ని తెరవడానికి అక్కడైతే సెల్ వోల్టేజీయే చాలు. పాజిటివ్ తీగలో పెడితే గేట్‌కి బ్యాటరీ కంటే ఎక్కువ వోల్టేజీ తయారుచేసి ఇవ్వాలి. ఇరవై అయిదు రూపాయల బోర్డులో అది కుదిరే పని కాదు.

దశ 2: సెల్ లేకుండా పరీక్ష

నిజం సెల్‌ని 4.3 వోల్టుల దాకా ఎక్కించి "కట్ అవుతుందా లేదా" అని చూడటం నాకు నచ్చలేదు. కట్ కాకపోతే? అందుకే సెల్ స్థానంలో, వోల్టేజీని కావలసినట్టు మార్చుకోగల బెంచ్ పవర్ సప్లై పెట్టాను. మామూలు సప్లై కరెంట్ ఇస్తుంది గానీ తీసుకోదు, కాబట్టి దానికి అడ్డంగా 10 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కట్టాలి. చార్జర్ నుంచి వచ్చే కరెంట్ అందులోకి పోతుంది. 4.2 వోల్టుల దగ్గర ఆ రెసిస్టర్ 0.42 ఆంపియర్లు మింగుతుంది. చార్జర్ వైపు రెండో సప్లైని 0.2 ఆంపియర్లకు పరిమితం చేస్తే చాలు.

1. "సెల్" సప్లైని 3.7 దగ్గర పెట్టి, సెల్ నెగెటివ్‌కీ బయటి నెగెటివ్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టండి.
2. వోల్టేజీని మెల్లగా పెంచండి. నాకు 4.28 దగ్గర చార్జింగ్ ఆగింది. తగ్గిస్తూ వస్తే 4.07 దగ్గర మళ్లీ మొదలైంది.
3. చార్జర్ తీసేసి చిన్న లోడ్ పెట్టి వోల్టేజీ తగ్గించండి. 2.41 దగ్గర డిశ్చార్జ్ ఆగింది.
4. ఇప్పుడు వోల్టేజీని 3.7కి తెచ్చినా లోడ్‌కి ఏమీ రాలేదు. చార్జర్ ఒక్కసారి తగిలించగానే వచ్చింది.

ఈ నాలుగోది చూసి బోర్డు పోయిందనుకునేవాళ్లు చాలామంది. పోలేదు, చిప్ నిద్రలోకి వెళ్లింది. మామూలుగా అది 3 మైక్రోఆంపియర్లు తింటుంది, సెల్ ఖాళీ అయ్యాక దాదాపు ఏమీ తినకుండా పడుకుంటుంది. చార్జర్ తగిలితేనే లేస్తుంది. కొత్తగా సెల్స్ అతికించినప్పుడు కూడా బోర్డు ఇలాగే మొద్దుగా ఉండొచ్చు. ఒక్కసారి చార్జర్ పెట్టండి, లేదా సెల్ నెగెటివ్‌నీ బయటి నెగెటివ్‌నీ ఒక్క క్షణం తీగతో కలపండి.

ఒక మాట: 2.4 వోల్టులు సెల్‌కి మంచి చోటు కాదు. ఈ చిప్ ఆఖరి కాపలా మాత్రమే. రోజూ అక్కడిదాకా దించితే సెల్ ఎక్కువ కాలం ఉండదు. రోజువారీ కట్ 3.2 దగ్గర ఉండేలా బూస్ట్‌ని ఆన్, ఆఫ్ చేసే ఎనేబుల్ కాలికి వేరే చిన్న సర్క్యూట్ కట్టాను. దాని గురించి ఇక్కడ చెప్పను, అది పేచీ పెట్టలేదు.

దశ 3: రౌటర్ ఆగిపోయింది

నిండా చార్జ్ చేసి, అడాప్టర్ పీకి, రౌటర్‌ని వదిలేశాను. కాసేపు బాగానే నడిచి ఆగిపోయింది. సెల్ దగ్గర 3.65 వోల్టులు కనిపిస్తున్నాయి. నా 3.2 కట్ కాదు, చిప్ 2.4 కట్ అసలే కాదు. చల్లారాక చార్జర్ తగిలించి తీస్తే మళ్లీ పనిచేస్తోంది.

ఇలాంటప్పుడు ముందు చేయాల్సిన కొలత ఒక్కటే. సెల్ నెగెటివ్‌కీ బయటి నెగెటివ్‌కీ మధ్య వోల్టేజీ చూడండి. పని చేస్తున్నప్పుడు అక్కడ 0.1 వోల్టు అటూ ఇటూగా ఉంటుంది. దాదాపు సెల్ వోల్టేజీ అంతా అక్కడే కనిపిస్తే డిశ్చార్జ్ మాస్‌ఫెట్ ఆగిపోయిందని అర్థం. నాకు 3.6 కనిపించింది. రౌటర్ ప్లగ్ పీకినా బూస్ట్ మాడ్యూల్ తగిలే ఉంది కాబట్టి, లోడ్ ఇంకా ఉందనే చిప్ అనుకుంటోంది. చార్జర్ వచ్చేదాకా విడవదు.

అంటే ఇది ఓవర్‌కరెంట్ కట్. లెక్క వేశాను.

రౌటర్ 12 వోల్టుల వైపు 7.4 వాట్లు తీసుకుంటోంది. బూస్ట్ సామర్థ్యం కొలిస్తే 84 శాతం. అంటే సెల్ నుంచి 8.8 వాట్లు కావాలి. బూస్ట్ ఎప్పుడూ అంతే పవర్ లాగుతుంది కాబట్టి, సెల్ వోల్టేజీ తగ్గేకొద్దీ కరెంట్ పెరుగుతుంది:

- 4.1 వోల్టుల దగ్గర 2.15 ఆంపియర్లు
- 3.7 దగ్గర 2.4
- 3.4 దగ్గర 2.6
- 3.2 దగ్గర 2.75

బోర్డు అమ్మేవాళ్లు 3 ఆంపియర్లని చెబుతారు. 2.5కే ఎందుకు ఆగింది?

ఈ బోర్డు మీద కరెంట్‌ని కొలవడానికి వేరే షంట్ రెసిస్టర్ లేదు. ఆ రెండు మాస్‌ఫెట్‌ల నిరోధమే షంట్. వాటి మీద పడే వోల్టేజీని చిప్ సీఎస్ కాలితో చూస్తుంది. అది 150 మిల్లీవోల్టులు దాటి పది మిల్లీసెకన్ల ప్రాంతంలో నిలిచి ఉంటే కట్ చేస్తుంది. డేటాషీట్ ప్రకారం ఆ 150 కూడా 120 నుంచి 180 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. నా చిప్‌లో 152 అని తేలింది. స్విచ్ నిరోధం మారితే కట్ అయ్యే కరెంట్ కూడా మారుతుంది. ఆ నిరోధం మారేది రెండు కారణాల వల్ల. ఒకటి వేడి. రెండు గేట్ వోల్టేజీ. ఇక్కడ గేట్‌కి అందేది సెల్ వోల్టేజీయే, సెల్ దిగితే గేట్ కూడా సగం మనసుతో తెరుచుకుంటుంది.

సరిగ్గా 1 ఆంపియర్ పంపి, మాస్‌ఫెట్ కాళ్ల దగ్గరే మీటర్ ముళ్లు పెట్టి కొలిచాను. తీగల చివర్ల దగ్గర కొలిస్తే తీగ నిరోధం కూడా కలిసిపోతుంది, జాగ్రత్త.

- 4.1 వోల్టులు, చల్లగా: 48 మిల్లీఓమ్‌లు. కట్ 3.2 ఆంపియర్ల దగ్గర
- 3.4 వోల్టులు, చల్లగా: 53. కట్ 2.9 దగ్గర
- 3.4 వోల్టులు, మూసిన డబ్బాలో 70 డిగ్రీల వేడి: 63. కట్ 2.4 దగ్గర

కావాల్సిన కరెంట్ పైకి పోతోంది, కట్ అయ్యే గీత కిందికి దిగుతోంది. లోడ్ మీద ఉన్నప్పుడు 3.56 వోల్టుల దగ్గర రెండూ ఢీకొంటున్నాయి. లోడ్ పోగానే సెల్ కాస్త పైకి లేస్తుంది కాబట్టి మీటర్ మీద 3.65 కనిపించింది. వేడికి సాగే టేపుతో బట్ట కొలిచినట్టుంది వ్యవహారం.

డబ్బాని అటక మీద రౌటర్ పక్కన పెట్టాలనేది నా ఆలోచన. హైదరాబాద్‌లో మే నెలలో బయటే 40 దాటుతుంది, అటక మీద ఇంకా ఎక్కువ. అక్కడ ఈ బోర్డు ఇంకా ముందే చేతులెత్తేస్తుంది.

దశ 4: పెద్ద మాస్‌ఫెట్ పెడితే?

కోఠిలో తక్కువ నిరోధం ఉన్న మాస్‌ఫెట్ అడిగితే కొట్టాయన ఆలోచించకుండా ఐఆర్ఎఫ్‌జడ్44ఎన్ తీసి ఇచ్చాడు. "జడ్ 44 తీస్కో అన్నా, అందరూ ఇదే తీస్కపోతరు. యాభై ఆంపియర్లు." నిజమే, ఇన్వర్టర్ల వాళ్లు ఇదే వాడతారు. రెండు కొన్నాను, రూ. 60.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 665

డేటాషీట్‌లో నిరోధం 17.5 మిల్లీఓమ్‌లు అని రాసి ఉంది. పక్కనే చిన్న అక్షరాల్లో గేట్ 10 వోల్టులు అని కూడా ఉంది. మన గేట్‌కి అందేది ఎక్కువలో ఎక్కువ 4.2. "థ్రెషోల్డ్ 2 నుంచి 4 వోల్టులు" అన్న వరుస చూసి సరిపోతుందనుకుంటారు. థ్రెషోల్డ్ దగ్గర మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకోదు. 250 మైక్రోఆంపియర్లు పారడం మొదలయ్యే చోటు అది, అంతే.

దశ 2లోని సప్లైతోనే పరీక్షించాను. 4.1 వోల్టుల దగ్గర 1 ఆంపియర్‌కే 210 మిల్లీవోల్టులు పడి, చిప్ కట్ చేసేసింది. 3.6 దగ్గర 0.2 ఆంపియర్‌కే కట్. ఇరవై అయిదు రూపాయల చిన్న బోర్డే దీనికంటే ఎన్నో రెట్లు నయం. ఒక సెల్ ప్యాక్‌లో మాస్‌ఫెట్ కొనేటప్పుడు చూడాల్సింది ఆంపియర్లు కాదు. 2.5 వోల్టుల గేట్ దగ్గర నిరోధం ఎంతో డేటాషీట్‌లో రాసి ఉందా లేదా అన్నది చూడాలి. రాయలేదంటే అది మనకు కాదు. ఆ రెండూ 12 వోల్టుల పనులకు డ్రాయర్‌లో పెట్టేశాను.

ఇంకో దారి కూడా ఉంది. సీఎస్ కాలి దగ్గర రెసిస్టర్లతో వోల్టేజీని విభజించి, చిప్‌కి తక్కువ చూపించి, కట్‌ని పైకి జరపడం. చేయలేదు. వేడి తగ్గదు, ఓవర్‌కరెంట్‌తో పాటు షార్ట్ సర్క్యూట్ గీత కూడా పైకి పోతుంది. కాపలావాడి కళ్లకు గంతలు కట్టే పని నాకు ఇష్టం లేదు.

దశ 5: 8205ఎలు ఎన్ని?

విడిగా 8205ఎలు నాలుగు (రూ. 48), డీడబ్ల్యూ01ఎలు మూడు (రూ. 24) తెచ్చాను.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 737

పారలల్‌గా కలిపితే నిరోధం పంచుకుంటాయి. మాస్‌ఫెట్‌లకు ఒక మంచి గుణం ఉంది. ఒకటి వేడెక్కితే దాని నిరోధం పెరిగి, కరెంట్ పక్కదానికి జరుగుతుంది. స్విచ్‌గా వాడినంతకాలం వాటిని పక్కపక్కన కలపడానికి భయం అక్కర్లేదు.

కలిపే పద్ధతి:

1. బోర్డు మీద ఉన్న 8205ఎ కాళ్లకు కొంచెం ఫ్లక్స్ (టంకం బాగా అతుక్కోవడానికి రాసేది) రాయండి.
2. కొత్తదాన్ని సరిగ్గా దాని మీదే, చుక్క గుర్తు ఒకే వైపు ఉండేలా కూర్చోబెట్టండి. 1, 8 డ్రెయిన్‌లు. 2, 3 ఒక సోర్స్, 6, 7 రెండో సోర్స్. 4, 5 గేట్‌లు.
3. ముందు మూలల కాళ్లు అతికించి, నిటారుగా ఉందో చూసి, మిగతావి అతికించండి.
4. సెల్ తగిలించకముందే గేట్‌లకూ సోర్స్‌లకూ మధ్య షార్ట్ లేదని మీటర్‌తో చూడండి.

మూడు పెడితే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. కొలతలు, బోర్డు మీది రాగి దారుల నిరోధం 3 మిల్లీఓమ్‌లు కలుపుకుని:

- ఒకటి: 51 మిల్లీఓమ్‌లు, కట్ దాదాపు 3 ఆంపియర్లు
- రెండు: 27, కట్ 5.6
- మూడు: 19, కట్ 8

మూడు వద్దనడానికి కారణం షార్ట్ సర్క్యూట్. చిప్‌లో రెండు గీతలున్నాయి. 150 మిల్లీవోల్టుల గీత నెమ్మదిది, మిల్లీసెకన్లు ఆగి చూస్తుంది. 1.35 వోల్టుల గీత తొందరది, దాటితే మైక్రోసెకన్లలో కట్ చేస్తుంది. తీగలు నిజంగా ఒకదానికొకటి తగిలినప్పుడు మనల్ని కాపాడేది రెండోదే. ఆ 1.35 వోల్టులు పడాల్సింది కూడా ఈ మాస్‌ఫెట్‌ల మీదే.

నా పాత సెల్స్ మూడూ కలిపి లోపలి నిరోధం 30 మిల్లీఓమ్‌లు. తీగలు, నికెల్ పట్టీ, అతుకులు కలిపి 20. పూర్తి షార్ట్ అయితే:

- రెండు 8205ఎలతో: 4.1 వోల్టులు 77 మిల్లీఓమ్‌ల మీద. 53 ఆంపియర్లు, మాస్‌ఫెట్‌ల మీద 1.44 వోల్టులు. తొందర గీత దాటింది.
- మూడింటితో: 69 మిల్లీఓమ్‌లు. 59 ఆంపియర్లు, మాస్‌ఫెట్‌ల మీద 1.13 వోల్టులు. దాటలేదు.

అంటే మూడు పెడితే షార్ట్ అయినప్పుడు చిప్ దాన్ని మామూలు ఓవర్‌కరెంట్ అనుకుని, దాదాపు 60 ఆంపియర్లు పారుతుండగా తాపీగా మిల్లీసెకన్లు లెక్కపెడుతుంది. నాలుగు కొన్నాను కదా అని నాలుగూ అతికించేవాళ్లకి ఇది తెలియాలి. కాగితం మీద లెక్క కాబట్టి అసలు షార్ట్‌లో అంకెలు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. ఆ వేడికి మాస్‌ఫెట్ నిరోధం పెరిగి మనకే కాస్త సాయం చేస్తుంది. అయినా రెండింటికే అంచు మీద ఉంది కాబట్టి రెండు దగ్గరే ఆగాను.

ఆ తొందర కట్‌లో ఇంకో చిక్కు. 50 ఆంపియర్లు ఒక్కసారిగా ఆగితే పొడవాటి తీగల ఇండక్టెన్స్ వోల్టేజీని పైకి ఎగదోస్తుంది, 8205ఎ తట్టుకునేది 20 వోల్టులే. సెల్స్ నుంచి బోర్డుకి తీగలు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. నావి రెండు అంగుళాలకు తగ్గించి, పాజిటివ్ నెగెటివ్ రెండింటినీ మెలితిప్పాను.

దశ 6: డిస్‌ప్లే దొంగ

సెల్ వోల్టేజీ కనిపించేలా చిన్న డిజిటల్ వోల్ట్‌మీటర్ పెట్టాను, రూ. 90. సెల్ వోల్టేజీ సరిగ్గా చూపాలని దాని నల్ల తీగని సెల్ నెగెటివ్‌కే అతికించాను. కొలత సరిగ్గానే వస్తోంది, కానీ ఆ మీటర్ తినే 15 మిల్లీఆంపియర్లు మాస్‌ఫెట్‌ల గుండా పోవడం లేదు. రక్షణ సర్క్యూట్ కట్ చేసినా మీటర్ సెల్‌ని పీలుస్తూనే ఉంటుంది.

నెగెటివ్ తీగలో స్విచ్ పెట్టడంలోని ఇబ్బంది ఇదే. సెల్ నెగెటివ్, బయటి నెగెటివ్ రెండూ ఒకటేలా కనిపిస్తాయి, మామూలు వేళ వాటి మధ్య తేడా కూడా 0.1 వోల్టే. ఎక్కడైనా పొరపాటున కలిస్తే రక్షణ మొత్తం పక్కకు తప్పుకుంటుంది, ఏ హెచ్చరికా ఉండదు. డిస్‌ప్లే నల్ల తీగని బయటి నెగెటివ్‌కి మార్చాను. ఇప్పుడు లోడ్ మీద దాదాపు 0.06 వోల్టు తక్కువ చూపిస్తుంది, నష్టం లేదు. టీపీ4056, బూస్ట్, అడాప్టర్ నెగెటివ్‌లు కూడా అన్నీ అక్కడికే. సెల్ నెగెటివ్‌కి రక్షణ బోర్డు తప్ప ఇంకేదీ తగలకూడదు. నేను దాని మీద ఎర్ర టేపు చుట్టేశాను.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 827

దశ 7: మూసిన డబ్బాలో

షార్ట్ సర్క్యూట్ అంచు మీద ఉంది కాబట్టి పాజిటివ్ తీగలో 7.5 ఆంపియర్ల కారు బ్లేడ్ ఫ్యూజ్, హోల్డర్‌తో సహా రూ. 45. ఇది మాస్‌ఫెట్‌ల కంటే చాలా నెమ్మది. కానీ మాస్‌ఫెట్ కాలిపోతే చాలాసార్లు తెరుచుకుని కాదు, షార్ట్ అయి ఉండిపోతుంది. అప్పుడు చిప్ గేట్ ఎంత లాగినా ప్రయోజనం లేదు. ఫ్యూజ్ ఆ రోజు కోసం.

రెండు 8205ఎలతో, మూసిన డబ్బాలో, అటక మీదే నడిపిన కొలతలు:

- 4.1 వోల్టులు, మొదట్లో: మాస్‌ఫెట్‌ల మీద 58 మిల్లీవోల్టులు
- 3.7 వోల్టులు, 2.4 ఆంపియర్లు: 70
- 3.2 వోల్టులు, 2.75 ఆంపియర్లు, మాస్‌ఫెట్ వేడి 50 డిగ్రీలు: 93

కట్ 152 దగ్గర కాబట్టి అత్యంత కష్టమైన చోట కూడా మూడో వంతుకు పైగా ఎడం ఉంది. ఒకే 8205ఎ ఉన్నప్పుడు 0.37 వాట్ ఒక్కదాని మీదే పడేది. ఇప్పుడు 0.26 వాట్ రెండింటి మధ్య పంచుకుంటోంది. 3.2 దగ్గర నేను పెట్టిన కట్టే ముందు పనిచేసి రౌటర్‌ని ఆపుతోంది, డీడబ్ల్యూ01ఎ జోక్యం చేసుకోవడం లేదు.

ఇప్పటివరకు ఖర్చు: రూ. 872. ఇందులో డ్రాయర్‌లో ఉన్న జడ్ 44లు, మిగిలిన 8205ఎలు మూడు, డీడబ్ల్యూ01ఎలు మూడు కూడా ఉన్నాయి.

మిగిలిన పని: ఫ్యూజ్ హోల్డర్ కాళ్లు వదులుగా ఉన్నాయి, అక్కడే 8 మిల్లీఓమ్‌లు కనిపిస్తున్నాయి. దాన్ని బిగించాక షార్ట్ లెక్క మళ్లీ వేయాలి.